చిల్లు లేని ఉత్తరం

పటాల కచేరీ, మూడో అంతస్తు, నకళ్ళ గది
కాంపౌండరు గారి చేతికిచ్చి పంపుతున్నది

మొండిఘటానికి, వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఒక్క చిల్లు కూడా లేకుండా చేరింది. అందుకే ఇది టపాలో వేయకుండా, నెలకోసారి మీ వైపు మందులపెట్టె మోసుకొచ్చే కాంపౌండరు గారి చేతిలో పెడుతున్నాను.

చిల్లు సంగతి నీకు తెలిసిందే. కచేరీలో పనిచేసేవాళ్ళ ఉత్తరాలన్నీ, వచ్చేవీ పోయేవీ, కింది అంతస్తులో ఒకాయన చదువుతాడు. మేమంతా ఆయన్ని భూతద్దం అంటాం. సరిహద్దు ఊళ్ళ పేర్లు ఉత్తరాల్లో కనపడకూడదని చక్రవర్తి గారి ఆజ్ఞ. భూతద్దం దగ్గర ఊళ్ళ జాబితా ఉంటుంది. అందులో ఉన్న పేరు ఉత్తరంలో కనబడితే చిన్న కత్తితో చదరంగా కోసేస్తాడు. నువ్వు ఆ ఊరి కోడలివై వెళ్ళిన ఈ పదేళ్ళలో, నీ ప్రతి ఉత్తరం మీద ఊరి పేరు ఉండాల్సిన చోట చిల్లే వచ్చింది. మీ అన్నయ్య ఆ చిల్లులో వేలు పెట్టి, "మా చెల్లెలి ఊరు గాలి ధారాళంగా వచ్చే ఊరు" అంటూ ఉంటాడు.

ఈసారి నువ్వు ఊరి పేరు మూడుసార్లు రాశావు. మూడూ చెక్కుచెదరలేదు. భూతద్దానికి చూపు తగ్గిందేమో అనుకున్నాను. లేదు, అదే రోజు పక్క బల్ల ఆవిడకి వచ్చిన ఉత్తరం జల్లెడలా ఉంది.

అంటే మీ ఊరు జాబితాలోంచి పోయింది. ఆ జాబితా తయారయ్యేది మా పటాల నుంచే. భోజనాల వేళ అందరూ లేచాక మీ లోయ కొత్త పటం చిత్తుప్రతి తీసి చూశాను. నది నాలుగో మలుపు నుంచి కనుమ దాకా ఒక్క ఇల్లు లేదు. నువ్వు పాఠాలు చెప్పే బడి లేదు, మీ ఆయన మర లేదు. అడ్డంగా రెండే మాటలున్నాయి: నిర్జన భూమి. పక్కన ఎర్రసిరాతో ఫిరంగి దళం వాళ్ళ గుర్తు. గుళ్ళు పేల్చి గురి నేర్చుకోవడానికి వాళ్ళకొక మైదానం కావాలట.

చట్టం ఇది, జాగ్రత్తగా విను. పటంలో ఉన్న ఊరిని ముట్టుకోవాలంటే ముందు విచారణ అధికారి వచ్చి జనాన్ని కళ్ళారా చూడాలి. ఊరుందని తేలితే ఫిరంగులు ఇంకో చోటు చూసుకోవాల్సిందే. పటంలో లేని చోటికి ఆ బాధ లేదు, ఒక నోటీసు ముక్క చాలు. కొత్త పటం అచ్చుకి వెళ్ళడానికి ఇంకా మూడు నెలలుంది.

ముందు మీరంతా కలిసి ఒక అర్జీ పంపండి. భయపడకు. నీకు భయం లేదని తెలుసు, అయినా వదినని కాబట్టి అనాలి. ఈ ఏడు నాకు పెద్దరికం పెరిగి ఒక చిన్న తాళంచెవి ఇచ్చారు. దేనిదో మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. పటాలు గీసేదాన్ని కట్టుకుని కూడా మూడు వీధుల అవతలి చెప్పుల కొట్టుకి దారి అడిగే మనిషికి రహస్యాలు చెప్పి ఏం లాభం?

ఇట్లు,
నీ వదిన


కొండ కింద బడి
కాంపౌండరు గారి చేతికే

వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కడుపు మండిపోయింది. రెండేళ్ళ క్రితం మీ కచేరీ పంపిన కొలతల ఆయన మా ఇంట్లోనే కదా మూడు వారాలున్నాడు! మా మంచమే ఇచ్చాం. ఆయన కొలత గొలుసు అటు చివర పట్టుకుని నా పిల్లలు రాళ్ళలో ముళ్ళలో పరిగెత్తారు. మా గడప నది కంటే ఎంత ఎత్తులో ఉందో నాకే తెలియదు, ఆయన కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు మా ఆయన చెయ్యి పట్టుకుని, "మీ ఊరు ఇంకెక్కడికీ పోదండీ, రాసేశాను" అన్నాడు. రాసినదాన్ని కొట్టేసినవాళ్ళు మీ కచేరీలోనే ఉన్నారన్నమాట.

అరవై రెండు ఇళ్ళు. బడిలో ముప్పై ఒక్కమంది. నిర్జనమట! ఆ మాట రాసినవాణ్ణి ఒక్క పూట నా మూడో తరగతితో గదిలో వదిలిపెడితే జనం అంటే ఏమిటో తెలిసొస్తుంది.

అర్జీ రాశాను. ఊరంతా సంతకాలు పెట్టారు, రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. పిల్లలు కూడా పెడతామని గోల చేస్తే పెట్టనిచ్చాను. ఇదే సంచిలో పంపుతున్నాను.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. ఇంత గొడవలోనూ మొండిఘటం అనడం మానవా? నువ్వు కోడలిగా వచ్చిన రోజు నా గది ఖాళీ చేయనని గుమ్మానికి అడ్డంగా కూర్చున్న మాట నిజమే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు వదినా! చివరికి మీరిద్దరే వసారాలో సర్దుకున్నారనుకో. అయినా ఒక బడి పంతులమ్మని ఆ పేరుతో పిలిస్తే బాగుంటుందా? అందుకే నువ్వలా పిలిస్తే నేను పలకను.

ఊరు కాపాడు. నువ్వు కాపాడగలవని నాకు అనుమానం లేదు.

ఇట్లు,
నీ ఆడపడుచు


పటాల కచేరీ, నకళ్ళ గది
టపాలో

మొండిఘటానికి ఆశీస్సులు. ఇది ముందుగా చదివే భూతద్దం గారికి నమస్కారాలు. ఇందులో ఊళ్ళ పేర్లేమీ లేవండీ, మీ కత్తికి ఈ పూట సెలవు.

మీ అర్జీ కచేరీకి చేరింది. జవాబు వస్తుంది. ఏది వచ్చినా మర్యాదగా తీసుకోవాలి. నేను ఈ కచేరీ ఉప్పు తింటున్నదాన్ని. ఇక్కడ పటమే ప్రమాణం, దాని మీద నేను మాట్లాడకూడదు, మాట్లాడను.

ఇక ఇంటి మాట. చిన్నప్పటి నుంచీ నీకొక పాడు అలవాటుంది. నేను ముద్దుగా పేరు పెట్టి పిలిస్తే మూతి ముడుచుకుని పలకకుండా కూర్చుంటావు. ఇంత పెద్దదానివయ్యాక అది బాగుండదు. రేపు ఎవరో కొత్తవాళ్ళు వచ్చి ఆ పేరుతో పిలిచారనుకో, వెంటనే పలకాలి. నువ్వొక్కదానివే కాదు, నీ చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరూ పలకాలి. పంతులమ్మవి కదా, నేర్పు.

మీ అన్నయ్య కులాసా. నిన్న కూరల సంతకి వెళ్ళి పక్క పేట మీదుగా ఇల్లు చేరాడు.

ఇట్లు,
వదిన


కొండ కింద బడి
టపాలో

గౌరవనీయులైన వదినగారికి,

మీ కచేరీ జవాబు వచ్చింది. మీకు గుర్తుండకపోవచ్చు, రోజూ ఎన్నో రాస్తారు కదా. మళ్ళీ రాస్తున్నాను.

"పై అర్జీలో పేర్కొన్న ఊరు పటంలో లేదు. లేని ఊరికి జనం ఉండరు. లేని జనానికి అర్జీ పెట్టుకునే హక్కు లేదు. సదరు స్థలం నిర్జనమని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది."

కింద మీ కచేరీ పెద్దాయన ముద్ర ఉంది. పైన చేతిరాత మాత్రం మీది. ‘ల’ చివర అంత చిన్న మెలిక పెట్టేది ఈ లోకంలో మీరొక్కరే. నాకు అక్షరాలు దిద్దించింది మీరు. నేను పిల్లలకి దిద్దించేదీ ఆ మెలికే. అందుకే నాకంటే ముందు నా మూడో తరగతి పిల్ల గుర్తుపట్టింది. "టీచర్, ఇది మీ రాతే కదా! లేని జనం అంటే ఎవరు?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

నా పెళ్ళికి మీరు గీసిచ్చిన పటం, మన ఇంటి నుంచి ఈ ఊరి దాకా దారి చూపించేది, పదేళ్ళుగా బడి గోడ మీద ఉంది. నిన్న దాన్ని గోడవైపు తిప్పేశాను. చించుదామనుకున్నాను, చేతులు రాలేదు.

పిలిస్తే పలకడం నేర్పమన్నారు. నేర్పను. లేని మనుషులు పలకరు కదా.

ఇట్లు,
నిర్జన భూమిలో కాపురముంటున్న ఒక స్త్రీ


పటాల కచేరీ, నకళ్ళ గది
టపాలో

మొండిఘటానికి,

కొత్త పటం అచ్చయింది. రేపోమాపో కచేరీలన్నిటికీ పంచుతారు.

మీరు అని పిలిచావు. చాలా నొచ్చుకున్నాను. అయినా నా మీద కోపం తగ్గించుకోకు, దాని పని దానికుంది.

పిలిస్తే మాత్రం పలుకు.

ఇట్లు,
వదిన


కొండ కింద బడి
కాంపౌండరు గారి చేతికి

వదినా,

ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

నిన్న ఉదయం విచారణ అధికారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కంచరగాడిద మీద కూర్చుంటే కాళ్ళు నేలకి తగులుతున్నాయి. బడి ముందు దిగి, "ఇక్కడ ఫిరంగి మైదానం పెడుతున్నారు. పటంలో ఊరుంది కాబట్టి చట్ట ప్రకారం విచారణకి వచ్చాను" అన్నాడు. పటంలో ఊరుందా! ఈలోగా ఊరంతా పోగయ్యారు.

ఆయన కొత్త పటం విప్పి నా బల్ల మీద పరిచాడు. నాలుగో మలుపు పక్కన చుక్క ఉంది, చుక్క పక్కన బడి గుర్తు ఉంది. దాని కింద ఏదో పేరు. అది మా ఊరి పేరు కాదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు.

ఆ మాట ఇక్కడ రాయను. నీ ఉత్తరాలన్నిటిలో మొదటి మాట ఏదో, అదే.

మా ఊరి పెద్దావిడ, తొంభైకి దగ్గర పడ్డా నోరు తగ్గని మనిషి, ముందుకొచ్చింది. "అదేం పేరు బాబూ, మా ఊరికి ఆ పేరు..." అంటూ మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఆవిడ కాలు తొక్కాను. వదినా, గట్టిగా తొక్కాను. పాపం, ఇవాళ కట్టు కట్టాను.

ఆ క్షణంలోనే నాకు తలలో దీపం వెలిగింది. పిలిస్తే పలుకు, నువ్వొక్కదానివే కాదు అందరూ పలకాలి! పిల్లలవైపు తిరిగాను. నేను నేర్పలేదు కదా, కోపం కొద్దీ మానేశాను కదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇక నాకు చేతనైన పని ఒక్కటే మిగిలింది, హాజరు పిలవడం.

"పిల్లలూ! అధికారి గారు మన ఊరి పేరు పిలిచారు. పిలిస్తే ఏమనాలి?"

"హాజరు టీచర్!"

ముప్పై ఒక్క గొంతులు వదినా! వెనకాల మా ఆయన, పిండి చేతులతోనే, "హాజరు" అన్నాడు. అది విని ఊరంతా అన్నారు. కాలు పట్టుకుని మూలుగుతున్న పెద్దావిడ కూడా, "ఆఁ, హాజరే, ఎక్కడికి పోతాం" అంది.

అధికారి కాస్త తికమకపడి, "ఈ పేరు ఎవరు పెట్టారండీ?" అని నన్నడిగాడు.

"మా పెద్దవాళ్ళు పెట్టారండీ. లేవమంటే లేవనివాళ్ళమని."

ఆయన నవ్వలేదు, శ్రద్ధగా రాసుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి అరవై రెండూ లెక్కపెట్టాడు. చివరికి పటం మడుస్తూ, "పటం సరిగ్గానే ఉందండీ. మన కచేరీ పని అంటే అలా ఉంటుంది" అని మెచ్చుకున్నాడు కూడా. ఊరుందని రాసి సంతకం పెట్టాడు. పటాల కచేరీ నుంచి ఔనని ధ్రువపత్రం వస్తే ఫిరంగులు ఇటు రావట.

వదినా, నువ్వేం చేశావు? నిన్ను మీరన్నాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది. ధ్రువపత్రం ఇస్తారా? నీకేమైనా అవుతుందా? ముందు అది రాయి.

ఇట్లు,
నీ ఆడపడుచు


ఇంటి నుంచి
కాంపౌండరు గారి చేతికి. చదివి పొయ్యిలో పెట్టు.

మొండిఘటానికి, వదిన ఆశీస్సులు.

నాకేమీ కాలేదు. అయినదంతా మొదటి నుంచీ చెప్తాను.

మా కచేరీలో ఒక రహస్యం ఉంది. మేం అచ్చువేసే ప్రతి పటంలోనూ కావాలని ఒక దొంగ ఊరు పెడతాం, అంటే భూమ్మీద లేని ఊరు. ఎవడైనా మన పటాన్ని చాటుగా నకలు తీసుకుని తనదే అంటే, ఆ లేని ఊరు కూడా వాడి పటంలోకి ఎక్కి వాణ్ణి పట్టిస్తుంది. ఏ పటంలో ఏది దొంగ ఊరో రాసిన పుస్తకం ఒక ఇనప్పెట్టెలో ఉంటుంది. దానికి తాళంచెవులు రెండే. ఒకటి పెద్దాయన దగ్గర, ఒకటి ఈ ఏడు నుంచి నా దగ్గర.

పుస్తకంలో ఊరు ఎక్కించడానికి ఒక నియమం ఉంది. అక్కడ నిజంగా ఎవరూ లేరని కచేరీ ముద్ర ఉన్న కాగితం ఒకటి జతచేయాలి. పొరపాటున నిజం ఊరిని దొంగ ఊరుగా రాసేస్తే ప్రమాదం కదా! అందుకే నీ అర్జీకి జవాబు నేనే అడిగి రాశాను. "సదరు స్థలం నిర్జనమని ధ్రువీకరించడమైనది" అన్న మాట నీ గుండెల్లో గుచ్చుకుంటుందని తెలిసే రాశాను. నకలు తీసి పుస్తకంలో అంటించాను. మీ ఊరు లేదని వాళ్ళు ముద్ర వేశారు కాబట్టే దాన్ని పటంలో పెట్టే హక్కు నాకు వచ్చింది. రాస్తున్నప్పుడు ఏడ్చాను. సిరా చెదురుతుందని పక్కకి తిరిగి ఏడ్చాను. నీకు ముందే చెప్పలేదు, నీ కోపం నిజమైతేనే భూతద్దానికి అనుమానం రాదని.

పాత పేరు పెట్టడానికి లేదు, వాళ్ళు కొట్టేసిన పేరు కాబట్టి చూడగానే పట్టుకుంటారు. దొంగ ఊళ్ళకి ఇంట్లోవాళ్ళ ముద్దుపేర్లు పెట్టడం మా గదిలో ఆనవాయితీ. పక్క బల్ల ఆవిడ పటాల్లో ఆవిడ పిల్లులన్నీ ఊళ్ళే. నేను నీ పేరు పెట్టాను. పెద్దాయన చూసి, "మీ ఆడపడుచా? పాపం" అని నవ్వుతూ ఆమోదించాడు.

విచారణ కాగితం వచ్చిన రోజు నన్ను గదిలోకి పిలిచాడు. పుస్తకం తెరిచి ఉంది.

"ఏమ్మా, ఇది లేని ఊరే కదా?"

"పుస్తకంలో అలాగే ఉందండీ."

"మరి లేని ఊళ్ళో అరవై రెండు ఇళ్ళు, ఒక బడి, ఒక మర ఉన్నాయని రాశాడేంటి ఈయన?"

"అక్కడ ఏమీ లేదని మనమే ధ్రువీకరించామండీ. కింద మీ ముద్ర ఉంది."

ఆయన ముద్రని వేలితో రుద్ది చూశాడు. "ఊరు లేదని ఇప్పుడు రాసిచ్చేస్తే?"

"లేని ఊరిని ఎందుకు గీశారని ఫిరంగి దళం వాళ్ళు అడుగుతారండీ. ఈ పెట్టె వాళ్ళ ముందు తెరవాలి. మన పటం చూసే కదండీ వాళ్ళు గురిపెట్టేది."

"మొత్తం ఎన్ని పటాలమ్మా మనవి?"

"నాలుగొందల పన్నెండండీ."

"అంటే నాలుగొందల పన్నెండు అబద్ధాలు."

"ఇప్పుడు నాలుగొందల పదకొండండీ."

ఆయన మీసం కదిలింది. నవ్వో కోపమో తేలకముందే కలం తీసుకుని, ఊరు ఉందని రాసి సంతకం పెట్టాడు. ఆ తరువాత చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చేశాను.

పటంలో అబద్ధం గీసినవాళ్ళకి జైలని చట్టంలో ఉంది. నిజం గీసినవాళ్ళకి ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు. అందుకని నన్ను ఊళ్ళ బల్ల మీంచి లేపి, సముద్రానికి నీలం పూసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్ళు ఊళ్ళు గీసిన చెయ్యి, బాధగానే ఉంది. సముద్రంలో నేనేమీ చెయ్యలేనని ఆయన ధీమా. దీవులుంటాయన్న సంగతి నేను గుర్తుచెయ్యలేదు.

పుస్తకంలో మాత్రం మీ ఊరు ఇప్పటికీ దొంగ ఊరే. దొంగ ఊరిని ఏ అచ్చులోనూ తీసెయ్యకూడదని నియమం. కాబట్టి నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
నీ వదిన


కొండ కింద బడి
టపాలో

వదినకి నమస్కారాలు. భూతద్దం గారికి కూడా.

ఎర్రగుర్తు పెట్టినవాళ్ళు మైదానం హద్దులకని పాతిన జెండాలు తామే పీక్కుని వెళ్ళిపోయారు. వంతెన దాకా పిల్లలు వాళ్ళని సాగనంపి వచ్చారు. నీ పటాన్ని మళ్ళీ ఇటువైపు తిప్పాను. పెద్దావిడ కాలు నయమైంది, నా మీద కోపం నయం కాలేదు. పేరు సంగతి రచ్చబండ మీద తేల్చుకున్నాం. ఇంట్లో పాత పేరు, బయటివాళ్ళకి కొత్త పేరు. మనుషులకి ముద్దుపేర్లున్నట్టే ఊరికీ ఒకటి ఉంటే తప్పేమిటి అంది పెద్దావిడ, తనే ముందు ఒప్పుకుంది.

నువ్వు టపాలో వేసిన ఉత్తరం నిన్న వచ్చింది. మొదట్లో చదరంగా చిల్లు ఉంది. ఆ చిల్లు తరువాత "నికి, వదిన ఆశీస్సులు" అని మొదలైంది. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక బడి గుమ్మంలో కూర్చుండిపోయాను. సరిహద్దు ఊరి పేరు కాబట్టి కోసేశారు! ఇరవై ఏళ్ళుగా మానమంటే మానని నీ చేత చక్రవర్తి గారు ఆ పేరు మాన్పించారు. ముందు సంబరపడ్డాను. ఇక నువ్వు నన్నలా పిలవలేవు కదా అని తట్టి, తరువాత వెక్కివెక్కి ఏడ్చాను.

ఉత్తరం పిల్లలకిచ్చాను. ఒక్కొక్కరూ ఆ చిల్లుని కంటికి ఆనించుకుని బయటికి చూశారు. బడి గుమ్మం కనబడిందట, మర దగ్గర పిండి దులుపుకుంటూ మా ఆయన కనబడ్డాడట, నది మలుపు తిరగడం కనబడిందట. మూడో తరగతి పిల్ల అయితే ఎంతకీ ఇవ్వదు, "టీచర్, ఇందులో అందరం ఉన్నాం" అంటుంది.

భూతద్దం గారూ, కింద నా సంతకం పెడుతున్నాను. ఇప్పుడది ఊరందరి పేరు. మా వదిన దాచుకునే కాగితం, దయచేసి అంచులు చిరగకుండా కోయండి.

ఇట్లు,
[                ]